లోపెన్: ఒక డచ్ క్రియను వేళ్ల దాకా తవ్వి చూసే పద్ధతి

ఆమ్‌స్టర్‌డామ్‌లో తోటి ఉద్యోగి సాయంత్రం "ఇక్ ఖా లోపెన్" అన్నాడంటే, ఇవాళ సైకిలు పక్కన పెట్టి నడిచి పోతున్నాడని అర్థం. రైలెక్కి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో దిగి, అదే మాట అక్కడివాళ్ల నోట వింటే, బూట్లు బిగించి పరుగుకు బయల్దేరుతున్నారని అర్థం. భాష ఒకటే, క్రియ ఒకటే, మధ్యలో రెండు గంటల ప్రయాణం కూడా లేదు. నిఘంటువులో "లోపెన్ = నడుచు" అని చూసి బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఒక క్రియను నేర్చుకోవడమంటే దాని అర్థాలు, రూపాలు, పుట్టుక మూడూ కలిపి పట్టుకోవడం. ఏ డచ్ క్రియకైనా ఈ పద్ధతి పనికొస్తుంది. నేను లోపెన్‌నే ఎంచుకోవడానికి కారణం, తెలుగువాళ్లకు ఇది మిగతావాళ్ల కన్నా తేలిగ్గా దొరుకుతుంది. ఎందుకో ముందుముందు తెలుస్తుంది. వినడానికి మన "లోపం" లాగే ఉంటుంది కానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆ సంగతి కూడా తేల్చుకుందాం.

మొదటి మెట్టు: అర్థాన్ని పక్కన పెట్టి, వాక్యాలు పోగెయ్యండి

నిఘంటువు తెరిచే ముందు ఒక కాగితం తీసుకుని, ఆ క్రియ కనబడిన వాక్యాలు పదిహేనో ఇరవయ్యో రాసుకోండి. వార్తలు, దుకాణాల బోర్డులు, పక్కింటివాళ్ల మాటలు, ఏవైనా సరే. లోపెన్‌తో ఇలా పోగేస్తే మొదట తెలిసేది, నడిచేది మనుషులు మాత్రమే కాదని.

"డె జాక్ లోప్ట్ ఖూట్" అంటే వ్యాపారం బాగా నడుస్తోంది. "డె క్లాక్ లోప్ట్ అఖ్టర్" అంటే గడియారం వెనకబడి నడుస్తోంది. "డె వేఖ్ లోప్ట్ లాంగ్స్ డె రివీర్" అంటే దారి ఏటి వెంబడే పోతుంది. చూశారా, మొదటి రెండింటికీ తెలుగులో వేరే క్రియ వెతుక్కోవలసిన పని పడలేదు. కొట్టు నడుస్తుంది, గడియారం నడుస్తుంది, కేసు నడుస్తుంది, మన దగ్గర కథ కూడా నడుస్తుంది. ఇంగ్లీషు ద్వారా డచ్ నేర్చుకునేవాళ్లు కాళ్ల నడకకు ఒక మాట, వ్యాపారం నడకకు ఇంకో మాట పెట్టుకుని రెంటి మధ్యా తికమక పడతారు. మనకు ఆ బాధ లేదు. మధ్యలో ఇంగ్లీషును రానివ్వకండి, అంతే.

అయితే అన్ని చోట్లా "నడుచు" సరిపోదు. "డె క్రాన్ లోప్ట్" అంటే కుళాయి నుంచి నీళ్లు పోతున్నాయి. జలుబు చేసినప్పుడు "మైన్ న్యోస్ లోప్ట్" అంటే ముక్కు కారుతోంది. "హెట్ లోప్ట్ టేఖెన్ వైవెన్" అంటే అయిదు కావస్తోంది. ద్రవం, కాలం ఆగకుండా ముందుకు సాగడం ఇక్కడి భావం. కాబట్టి కాగితం మీద అర్థాలను మూడు గుంపులు చేసుకోండి: కాళ్లతో కదలడం, పని సాగడం, ధారగా పోవడం. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఎడతెగని కదలిక.

ఇక జాతీయాలు. "అవుట్ డె హాంట్ లోపెన్" అంటే వ్యవహారం చెయ్యి దాటిపోవడం. ఇది అచ్చంగా మన నుడికారమే. "ఇన్ డె సూప్ లోపెన్" అంటే పని చెడిపోవడం, మాటకు మాట చూస్తే సూపులోకి నడవడం. "టేఖెన్ డె లాంప్ లోపెన్", దీపానికి తగులుకోవడం అంటే తప్పు చేస్తూ పట్టుబడటం. కోపమొస్తే "లోప్ నార్ డె మాన్" అంటారు. చంద్రుడి దాకా నడువు, అంటే మన "పోరా అవతలికి". వీటిని పట్టిక వేసి కంఠస్థం చెయ్యడం దండగ. ఎదురైనప్పుడు రాసుకోండి, చాలు.

రెండో మెట్టు: రూపాలు

ఇది నీరసమైన భాగం కానీ తప్పదు. వర్తమానంలో నేను అయితే ఇక్ లోప్, నువ్వు అయితే యై లోప్ట్, అతను హై లోప్ట్, మేము, మీరు, వాళ్లు అందరికీ లోపెన్. ప్రశ్న అడిగేటప్పుడు "నువ్వు" క్రియ తర్వాతకు వస్తే చివరి ట్ రాలిపోతుంది: "లోప్ యె?" ఈ ఒక్క ట్ దగ్గర డచ్ బడిపిల్లలే తప్పు రాస్తుంటారు, మనం తప్పు రాస్తే సిగ్గుపడనక్కరలేదు. భూతకాలంలో ఒకరైతే లీప్, పలువురైతే లీపెన్. పూర్తయిన పనికి ఖెలోపెన్. మాట్లాడేటప్పుడు చివరి న్ చాలామంది మింగేసి "లోపె" అంటారు.

రాతలో ఒక చిక్కుంది. లోప్‌లో ఓ అక్షరం రెండుసార్లు రాయాలి, లోపెన్‌లో ఒక్కసారే. పలికేది రెండు చోట్లా దీర్ఘమే. నియమం ఏమిటంటే, విడదీసి పలికినప్పుడు మొదటి ముక్క అచ్చుతో ఆగితే (లో-పెన్) ఒక్క ఓ చాలు, అది దానంతటదే దీర్ఘం. హల్లుతో మూసుకుపోతే (లోప్) దీర్ఘమని చూపడానికి రెండు కావాలి.

అయితే పాత పుస్తకాల్లో లోపెన్‌ను కూడా రెండు ఓలతో రాసి ఉంటుంది. అచ్చుతప్పు కాదది. 1934 నాటి వర్ణక్రమ సంస్కరణకు ముందు అదే సరైన రాత. అప్పట్లో లోపెన్‌కు రెండు ఓలు, హోపెన్‌కు (ఆశపడటం) ఒకటే. సాధారణ డచ్‌లో రెంటి ఓ ఒకేలా పలుకుతుంది, మరి ఎందుకా తేడా? వాటి పుట్టుక వేరు గనక. ఈ సంగతి గుర్తుంచుకోండి, అయిదో మెట్టు దగ్గర అక్కరకొస్తుంది.

మూడో మెట్టు: తోడుక్రియ, తెలుగు చెప్పే చిట్కా

పూర్తయిన పనిని చెప్పాలంటే ఖెలోపెన్‌కు ముందు ఒక తోడుక్రియ కావాలి. కొన్నిసార్లు హెబ్బెన్ వస్తుంది, కొన్నిసార్లు జైన్ వస్తుంది. పాఠ్యపుస్తకాలు దీనికి ఒక పేజీ ఖర్చు పెడతాయి. నా దగ్గర ఒక్క వాక్యముంది: తెలుగులో "నడిచాను" అని ఆగిపోగలిగితే హెబ్బెన్, "నడిచి వెళ్లాను" అనాల్సి వస్తే జైన్.

"ఇక్ హెప్ ట్వే యూర్ ఖెలోపెన్": రెండు గంటలు నడిచాను. ఎక్కడికో చెప్పలేదు, నడవడమే పని. "ఇక్ బెన్ నార్ హెట్ స్టాషొన్ ఖెలోపెన్": స్టేషనుకు నడిచి వెళ్లాను. గమ్యం ఉంది. "స్టేషనుకు నడిచాను" అని మనం అనం, ఎక్కడో వెలితిగా ఉంటుంది, "వెళ్లాను" చేర్చి పూర్తి చేస్తాం. డచ్ వాళ్లు ఆ వెలితిని తోడుక్రియ మార్చి పూడ్చుకుంటారు. ఇదే సూత్రం ఈదడం, సైకిలు తొక్కడం వంటి కదలిక క్రియలకూ పనిచేస్తుంది.

తెలుగువాళ్లకు ఇట్టే దొరికే వాడుక ఇంకోటి ఉంది. "హై లోప్ట్ టె క్లాఖెన్." మాటకు మాట పెడితే "అతను ఫిర్యాదు చేయడానికి నడుస్తాడు" అని తప్పుడు అర్థం వస్తుంది. అసలు అర్థం: వాడు సణుక్కుంటూ తిరుగుతున్నాడు. కాళ్లు కదులుతున్నాయా లేదా అన్నది ముఖ్యం కాదు, ఆ పని ఎడతెగకుండా సాగుతోందని, వినేవాడికి విసుగొస్తోందని భావం. మనవాళ్లు "ఏడాదిగా ఉద్యోగం వెతుక్కుంటూ తిరుగుతున్నాడు" అంటే అతను ఇంట్లో కుర్చీలో కూర్చునే వెతుకుతుండవచ్చు కదా, అలాగే. డచ్‌లో కూర్చోవడం, నిలబడటం, పడుకోవడం అనే క్రియలను కూడా ఇలాగే వాడతారు. జరిగిపోయిన విషయమైతే టె ఎగిరిపోయి, ఖెలోపెన్ బదులు లోపెన్ వస్తుంది: "హై హేఫ్ట్ లోపెన్ క్లాఖెన్". మొదట్లో వ్యాకరణ దోషంలా వినిపిస్తుంది, కానీ సరైనది అదే.

నాలుగో మెట్టు: ముందు తగిలే ముక్కలు

డచ్ క్రియకు ముందు చిన్న ముక్క తగిలితే సరికొత్త క్రియ పుడుతుంది. సంస్కృతంలో హారానికి ముందు ఆ, వి, సం, ప్ర చేరి ఆహారం, విహారం, సంహారం, ప్రహారం అయినట్టే. ఇక్కడ చెయ్యాల్సిన పని ఒకటే: ఊనిక ఎక్కడ పడుతోందో వినండి. ముక్క మీద పడితే అది వాక్యంలో క్రియ నుంచి విడిపోయే రకం, లోపెన్ మీద పడితే ఎప్పుడూ విడిపోకుండా అతుక్కుపోయిన రకం.

నెదర్లాండ్స్‌లో ఉండే మనవాళ్లకు మొదట పనిబడేది ఫర్‌లోపెన్. పాస్‌పోర్టు గడువు తీరితే "ఫర్‌లోపెన్" అయిందంటారు. ఇది అతుక్కుపోయిన రకం, కాబట్టి ఖెలోపెన్‌లో ఉన్న ఖె దీనికి చేరదు. నివాస అనుమతి కార్డు గురించి వచ్చిన ఉత్తరంలో "ఫర్‌లోప్ట్" కనిపిస్తే పక్కన ఉన్న తేదీ జాగ్రత్తగా చూసుకోండి. అఫ్‌లోపెన్ విడిపోయే రకం, ముగిసిపోవడం. సినిమా అయిపోతే "అఫ్‌ఖెలోపెన్", గడిచిన వారం "అఫ్‌ఖెలోపెన్ వేక్". ఒప్‌లోపెన్ అంటే పెరుగుతూ పోవడం, ఖర్చులకు ఎక్కువగా వాడతారు. కంప్యూటరు బిగుసుకుపోయినా, చర్చలు ముందుకు సాగకపోయినా, ఓడ ఇసుకలో కూరుకుపోయినా ఫాస్ట్‌లోపెన్. ఇక్కడ ఫాస్ట్ అంటే వేగం కాదు సుమా, గట్టిగా ఇరుక్కున్నట్టు.

ఒకే రాతతో రెండు క్రియలున్న సరదా జంట డోర్‌లోపెన్. ఊనిక డోర్ మీద వేస్తే ఆగకుండా ముందుకు నడవడం. జనం గుమిగూడిన చోట పోలీసు "డోర్‌లోపెన్!" అని అరిచేది ఇదే, పూర్తయితే "డోర్‌ఖెలోపెన్". ఊనిక లో మీద వేస్తే ఒక దశను మొదటి నుంచి చివరి దాకా గడపడం, బడి చదువు పూర్తి చెయ్యడం లాంటిది, పూర్తయినా "డోర్‌లోపెన్" అనే ఉంటుంది.

వీటన్నిటిలో ఆ దేశపు నేలను నాకు బాగా చూపించిన మాట ఒండర్‌లోపెన్. ఒండర్ అంటే కింద. భూమి నీటి కిందికి పోవడం, మునిగిపోవడం. సముద్రమట్టం కన్నా పల్లంలో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఇది రోజువారీ మాటల్లో ఒకటి కావడంలో వింతేముంది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పోటెత్తి కట్టలు తెగినప్పుడు జేలాండ్ ప్రాంతంలో పొలాలకు పొలాలు ఒండర్‌లోపెన్ అయ్యాయి. నెదర్లాండ్స్‌లో 1836 మంది చనిపోయారు. ఆ ఉప్పెన గురించి చదివేటప్పుడు ఈ క్రియ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అక్కడ నీళ్లు లోపెన్ చెయ్యడమంటే నడవడం కాదు, ఉరకడం.

అయిదో మెట్టు: పుట్టుక, సాటి భాషలను పక్కపక్కన పెట్టడం

ఇప్పుడు వేళ్ల దగ్గరికి వద్దాం. ఒక డచ్ మాట పుట్టుక తెలియాలంటే దాని అన్నదమ్ముల భాషల్లో అదే మాట ఏ వేషంలో ఉందో వెతకాలి. మొదట జర్మన్. అక్కడ లౌఫెన్. డచ్ ప్ ఎదురుగా జర్మన్ ఫ్ వచ్చింది. ఇది ఒక్క మాటకే జరిగిందా? ఇంకో రెండు చూడండి: నిద్రపోవడానికి డచ్‌లో స్లాపెన్, జర్మన్‌లో ష్లాఫెన్. ఆశపడటానికి హోపెన్, హొఫెన్. వరుసగా జరిగే మార్పును నమ్మవచ్చు, ఒంటరి పోలికను నమ్మకూడదు. ఈ మెట్టులో గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదొక్కటే.

తర్వాత అచ్చు. డచ్ ఓ ఎదురుగా జర్మన్ ఔ: లోపెన్–లౌఫెన్, చెట్టుకు బోమ్–బౌమ్, కొనడానికి కోపెన్–కౌఫెన్. హోపెన్–హొఫెన్‌లో మాత్రం ఔ లేదు. అందుకే పాత రాతలో లోపెన్‌కు రెండు ఓలు, హోపెన్‌కు ఒకటి. ఒకటి పాత ఔ నుంచి వచ్చిన ఓ, మరొకటి మొదటి నుంచీ ఓ. 1934లో కొట్టేసిన ఆ ఒక్క అక్షరంలో వెయ్యేళ్లకు పైబడ్డ చరిత్ర దాగి ఉంది.

ఇంకా వెనక్కి పోతే నాలుగో శతాబ్దపు గోథిక్ బైబిల్ దొరుకుతుంది (గోథిక్ అంటే డచ్, జర్మన్, ఇంగ్లీషులున్న జర్మానిక్ కుటుంబంలోదే, ఇప్పుడు అంతరించిపోయిన భాష). మార్కు సువార్త పదో అధ్యాయంలో గుడ్డివాడైన బర్తిమయి పైబట్ట విసిరేసి ఒక్క ఉదుటున లేచే చోట "ఉస్‌హ్లౌపన్డ్స్" అని ఉంది. మధ్యలో ఉన్న హ్లౌప్ మన లోపే. అంటే ముందు ఒక హ్ ఉండేది, తర్వాత అరిగిపోయింది. వీటన్నిటినీ కలిపి పండితులు హ్లౌపనన్ అనే మూలరూపాన్ని ఊహించారు. పుస్తకాల్లో దాని ముందు నక్షత్రపు గుర్తు (*) పెడతారు, అంటే ఎక్కడా రాసి దొరకలేదు, లెక్కగట్టినదని అర్థం.

ఇక "లోపం" సంగతి. జర్మానిక్ భాషల్లో మొదటి హ్ ఉన్న చోట సంస్కృతంలో క లేదా శ ఎదురవడం పరిపాటి: మన శతం, డచ్ హొండర్ట్. హ్లౌప్‌కు సంస్కృతంలో తోబుట్టువు ఉంటే దాని ముందు అలాంటి హల్లు ఒకటి కనబడాలి. లోపంలో అదేమీ లేదు. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. జర్మానిక్ భాషలకు అవతల ఈ మాటకు ఎవరు బంధువులన్న దానిపై పండితులకే ఏకాభిప్రాయం లేదు, మనం తొందరపడనక్కరలేదు.

లీప్ అనే భూతరూపం కూడా పాతదే. వాలెన్–వీల్ (పడటం), స్లాపెన్–స్లీప్, రూపెన్–రీప్ (పిలవడం), లాటెన్–లీట్ (వదలడం), ఇవన్నీ ఒకే కుటుంబం. గోథిక్‌లో ఈ గుంపు క్రియలు భూతకాలానికి మొదటి ముక్కను రెట్టించేవి: హైటన్‌కు హైహైట్. సంస్కృతంలో కృ ధాతువుకు చకార అన్నట్టు. డచ్‌లో ఆ రెట్టింపు పోయి ఈ అనే అచ్చు మాత్రం నిలిచింది.

ఇప్పుడు అన్నదమ్ములను వరుసగా నిలబెట్టండి. ఇంగ్లీషులో లీప్ అంటే దూకడం. స్వీడిష్‌లో లోపా అంటే పరుగు. ఐస్‌లాండ్‌లో మంచునదుల కింద నీరు ఒక్కసారి బద్దలై వచ్చే వరదను యోకుల్‌హ్లౌప్ అంటారు, అక్కడ హ్ కూడా చెక్కుచెదరలేదు. జర్మన్‌లో పరుగు, కొన్ని చోట్ల నడక. నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీజియన్లు పొడవాటి గెడ మీద కాలువలు దాటే ఆటను ఫీర్‌ల్యెపెన్ అంటారు, దానిలోని ల్యెపె దూకడమే. వాళ్లకు నడకకు వేరే మాట ఉంది: రిన్నె. అది ఇంగ్లీషు రన్‌కు తోబుట్టువు! అంటే ఫ్రీజియన్ల దగ్గర "పరుగు" నడక అయింది, పక్కనే డచ్ వాళ్ల దగ్గర "ఉరుకు" నడక అయింది. ఆ ప్రాంతంలో కాళ్లన్నీ కలిసి నెమ్మదించాయేమో అనిపిస్తుంది.

ఆరో మెట్టు: అర్థం మారిందనడానికి ఆనవాళ్లు

అన్నదమ్ముల్లో ఎక్కువమంది దూకుతూ, పరిగెత్తుతూ ఉన్నారు కాబట్టి మొదటి అర్థం వేగం, నడక తర్వాత వచ్చిందని ఊహించవచ్చు. ఊహ చాలదు, డచ్ లోపలే సాక్ష్యం కావాలి. దానికి సమాసాలను తవ్వాలి. వాడుకలో అర్థం మారినా సమాసంలో పాత అర్థం గడ్డకట్టి ఉండిపోతుంది.

లోప్‌బాన్ అనే మాట తీసుకోండి. ఇవాళ దీనర్థం ఉద్యోగజీవితం. బాన్ అంటే బాట, కాబట్టి "నడకబాట" అనుకుంటాం. 1637లో వెలువడిన డచ్ బైబిల్‌లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయం చూస్తే గుట్టు తెలుస్తుంది. పందెంలో అందరూ పరిగెత్తుతారు, బహుమతి ఒక్కడికే అని చెప్పే చోట పందెపు బాటకు లోప్‌బాన్ అని, పరిగెత్తడానికి లోపెన్ అని ఉంది. ఆ నాటికి లోపెన్ పరుగే. మచిలీపట్నంలో వర్తకం చేసి, తమ పేరును వలందపాలెం రూపంలో అక్కడ వదిలి వెళ్లిన హాలండు వాళ్లు ఆ శతాబ్దం వాళ్లే. వాళ్లలో ఒకడు "లోప్!" అని అరిచి ఉంటే, పరిగెత్తమనే.

"హెట్ ఒప్ ఎన్ లోపెన్ జెట్టెన్" అనే జాతీయానికి నేటికీ అర్థం కాళ్లకు బుద్ధి చెప్పడమే, నడవడం కాదు. వెఖ్‌లోపెన్ అంటే పిల్లాడు ఇంట్లోంచి పారిపోవడం. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం హార్ట్‌లోపెన్, అంటే గట్టిగా లోపెన్ చెయ్యడం. నెదర్లాండ్స్‌లో పరుగుకు ఇదే మాట. లోపెన్ ఒక్కటే పరుగై ఉంటే దానికి "గట్టిగా" తగిలించాల్సిన అవసరం ఎందుకొచ్చేది? పాత మాట నెమ్మదించాక పరుగుకు కొత్త మాట కట్టుకున్నారు. బెల్జియంలో డచ్ మాట్లాడేవాళ్లు ఈ మార్పులో పాలు పంచుకోలేదు. వాళ్లకు లోపెన్ ఇంకా పరుగే, నడకకు స్టాపెన్ అంటారు. ఆ స్టాపెన్‌ను ఆమ్‌స్టర్‌డామ్ కుర్రాడు రాత్రిపూట స్నేహితులతో షికారుకు పోవడానికి వాడతాడు. అది వేరే కథ.

ఈ మాట సముద్రం కూడా దాటింది. పాత ఓడల్లో అట్టడుగు అంతస్తును ఇంగ్లీషులో ఓర్లోప్ అంటారు, అది డచ్ ఓవర్‌లోప్. ఇంగ్లీషు ఇంటర్‌లోపర్‌లోని లోపర్ భాగం దేశదిమ్మరి అనే అర్థమున్న లాండ్‌లోపర్ అనే డచ్ మాటను చూసి కట్టినది. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా దొంగచాటుగా వర్తకం చేసేవాళ్లను ఆ పేరుతోనే తిట్టేవారు. అలా తిట్లు తిన్నవాళ్లలో థామస్ పిట్ ఒకడు. తర్వాత అదే కంపెనీ అతన్ని 1698లో మద్రాసు గవర్నరును చేసింది. గోల్కొండ గనుల వజ్రమొకటి అతని చేతికొచ్చి, చివరికి ఫ్రాన్సు రాజకుటుంబం దగ్గరికి చేరింది.

ఏడో మెట్టు: పెద్ద నిఘంటువును అడగడం

ఇంత పని మీరు చేసుకున్నాకే నిఘంటువు దగ్గరికి వెళ్లండి, ముందు కాదు. డచ్ భాషకు ఒక మహానిఘంటువు ఉంది. మొదటి భాగం 1864లో వచ్చింది, పని పూర్తయింది 1998లో. లైడెన్‌లోని డచ్ భాషా సంస్థ దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడనిస్తుంది. అక్కడ ఒక మెలిక ఉంది: శీర్షికగా ఇచ్చిన పదాలన్నీ పాత వర్ణక్రమంలో ఉంటాయి, కాబట్టి లోపెన్ రెండు ఓలతో కనిపిస్తుంది. రెండో మెట్టులో చెప్పిన చిక్కు ఇక్కడ పనికొస్తుంది. అర్థాల వరుస చూసేటప్పుడు ఉదాహరణల పక్కనున్న సంవత్సరాలను ముందు చదవండి, వివరణలు తర్వాత. ఏ అర్థం ఎప్పుడు వచ్చిందో ఆ సంవత్సరాలే చెబుతాయి.

చివరగా ఒక పరీక్ష పెట్టుకోండి. 1909లో మొదలైన నాలుగు రోజుల నడక ఉత్సవం ఇప్పుడు నైమేఖెన్ ఊళ్లో జరుగుతుంది, రోజుకు 30, 40 లేదా 50 కిలోమీటర్లు. దానిలో పాల్గొనడాన్ని "డె ఫీర్‌డాఖ్‌సె లోపెన్" అంటారు. రోటర్‌డామ్‌లో 42 కిలోమీటర్ల పందెంలో పాల్గొనడాన్ని "డె మారథొన్ లోపెన్" అంటారు. రెండూ నెదర్లాండ్స్‌లో అనే మాటలే, ఒకదానిలో నడక, ఒకదానిలో పరుగు. రెండో వాక్యంలో పాత అర్థం ఎందుకు బతికి ఉందో పైన చెప్పినవాటితో మీకు మీరే వివరించుకోగలిగితే, తర్వాతి క్రియకు వెళ్లండి. నా సలహా అయితే లిఖెన్, అంటే పడి ఉండటం. అక్కడ నగరాలు, తప్పులు కూడా పడుకునే ఉంటాయి.